తీరమునుండి కొండమీదికి

ధ్యాన భాగము: అపొస్తలుల కార్యములు 28:1-10

ఓడ బ్రద్దలైపోయెను. పదునాలుగు దినములు తుపానులో కొట్టుకొనిపోయిన 276 మంది ప్రయాణికులలో కొందరు ఈదుచు, కొందరు పలకలను పట్టుకొని మెలితే ద్వీపపు ఒడ్డు చేరిరి. వాన కురియుచుండెను; చలి వణికించుచుండెను. రోమాకు ఖైదీగా పోవుచున్న అపొస్తలుడైన పౌలు వారిలో ఒకడు. సువార్త ప్రకటించుటలో అతనికి సాటియైనవాడు ఆ తరములో అరుదు. అయినను ఆ దినమున ఆ ద్వీపములో మొదటి మేలు చేసినవాడు పౌలు కాడు, ద్వీపవాసులే చేసిరి. వారు నిప్పు రాజబెట్టి, తడిసిన పరదేశులనందరిని దాని చుట్టు చేర్చుకొనిరి.

లూకా ఈ సంగతిని వ్రాయుచు రెండు గ్రీకు మాటలను ఒకే వాక్యములో ఉంచెను. మొదటిది 'బార్బరోయ్'. గ్రీకు భాష రానివారందరిని గ్రీకులు ఆ పేరుతో పిలిచెడివారు. పరుల మాట తమ చెవికి అర్థములేని 'బర్ బర్' శబ్దముగా వినబడుటవలన ఆ పేరు పుట్టినది. తెలుగు బైబిలులో అది 'అనాగరికులు' అని అనువదింపబడినది. రెండవ మాట 'ఫిలాంత్రోపియ', అనగా మనుష్యులయెడల గల ప్రేమ. నాగరికులమని అతిశయించువారు తమ సుగుణములలో గొప్పదిగా ఎంచుకొను మాట అది. లూకా ఆ మాటను తీసికొని అనాగరికులనబడినవారి చేతిలో పెట్టెను. ఇంకొక సంగతియు ఉన్నది. భాష రానివాడే అనాగరికుడైనయెడల, ఆ దినమున ఆ ఒడ్డున భాష రానివాడు పౌలే గదా!

ఈ అధ్యాయములోని వరుసను గమనింపవలెను. మొదట ద్వీపవాసుల నిప్పు. పిమ్మట పొప్లి ఇంట మూడు దినముల ఆతిథ్యము. ఆ తరువాతనే అపొస్తలుని ప్రార్థన, జ్వరముతో పడియున్న పొప్లి తండ్రికి కలిగిన స్వస్థత. చివరను ప్రయాణమునకు కావలసినవన్నియు తెచ్చి ఓడలో పెట్టిన ద్వీపవాసుల ఔదార్యము. అపొస్తలుని పరిచర్యకు ముందును వెనుకను ఆ ప్రజల దాతృత్వమే కనబడుచున్నది. పుచ్చుకొనుట తెలిసినవాని చేతినుండి ఆ ద్వీపము స్వస్థత పుచ్చుకొనెను.

సువార్త నిమిత్తము సముద్రము దాటి వెళ్లిన సేవకుడు క్రొత్త దేశమునకు అలవాటుపడుట యనగా నేమి? ఎండకును, తిండికిని, ఒంటరితనమునకును ఓర్చుకొనుట మాత్రమేనా? ఓర్పు అవసరమే, కాని అది చాలదు. ఎవరికి ఇచ్చుటకు వచ్చెనో వారియొద్దనే చేయి చాచి పుచ్చుకొనుటకు ఒప్పుకొనుట దానికంటె కష్టమైన పాఠము. పసిఫిక్ మహాసముద్రపు దీవులలో ఒక సేవకుడు ఈ పాఠమును ఎట్లు నేర్చుకొనెనో, ఎచ్చట మరచెనో, మరల ఎట్లు నేర్చుకొనెనో ధ్యానించుట మేలు.

1. అలల ప్రక్కన కట్టిన ఇల్లు

ఆస్ట్రేలియాకు తూర్పున, నైరుతి పసిఫిక్ సముద్రములో ఎనుబదికి పైగా దీవులు గల ద్వీపసమూహము ఒకటి కలదు. 1980లో స్వతంత్రమైన నాటినుండి అది వనువాటు దేశము. అంతకుముందు దానిని న్యూ హెబ్రిడీస్ అనెడివారు. ఆ దీవులలో నొకటి టన్నా. యాసూర్ అను అగ్నిపర్వతము అచ్చట రాత్రింబగళ్లు ఉరుముచు నిప్పులు చిమ్ముచుండును. దానికి సమీపముననున్న రేవునకు 1774లో వచ్చిన కెప్టెన్ కుక్, తన ఓడ పేరునుబట్టి పోర్ట్ రిజల్యూషన్ అని పేరు పెట్టెను.

1858 నవంబరు 5వ తేదీన ఆ రేవులో స్కాట్లండు దేశస్థుడైన జాన్ జి. పేటన్ గారు, ఆయన భార్య మేరీ ఆన్ గారు దిగిరి. పేటన్ గారికి అప్పటికి 34 ఏండ్లు. ఆయన మేజోళ్లు నేయువాని కుమారుడు. గ్లాస్గో పట్టణపు బీదల వీధులలో పది సంవత్సరములు సువార్త సేవ చేసినవాడు. వారి వివాహము జరిగి ఏడు మాసములే యైనది.

మొదటి దినములలో ఆయన మనస్సు కలత చెందెను. ఒంటికి రంగు పూసికొని, ఈటెలు చేతబట్టి తిరుగు జనులు; లిపి లేని భాష; ఒక గ్రామమునకును ఇంకొక గ్రామమునకును ఎడతెగని యుద్ధము. తాను ప్రేమించిన గ్లాస్గో పరిచర్యను విడిచి వచ్చుట సరియైన పనియేనా యని తనలో తాను సందేహపడినట్లు ఆయన దాచకుండ వ్రాసియున్నారు. విశ్వాసవీరులకు సందేహము కలుగదని తలంచువారు ఈ మాటను జ్ఞాపకముంచుకొనవలెను. దేవుని పిలుపు నిజమైనదైనను, పిలువబడినవాని మొదటి వారములు చీకటిగా ఉండవచ్చును.

ఆయన ఇల్లు సముద్రపు ఒడ్డున, పోటు నీరు వచ్చు హద్దుకు కొన్ని అడుగుల ఎత్తున మాత్రమే కట్టబడినది. 1842లో అచ్చటికి వచ్చి, కొద్ది మాసములకే ప్రాణములు దక్కించుకొని వెళ్లిపోయిన ఇద్దరు మిషనరీల ఇంటి పునాది అది. ఓడనుండి సామాను దింపుటకు ఆ చోటు అనుకూలము. సముద్రపు గాలి ఆరోగ్యకరమని కూడ తలంచిరి. స్థలమును ఎన్నుకొనుటలో విదేశీయుని అవసరము, విదేశీయుని జ్ఞానము లెక్కకు వచ్చినవి. ఆ దీవివాసులు తమ నిద్రకు ఏ చోటు ఎన్నుకొనుచున్నారో ఎవరును అడుగలేదు.

1859 ఫిబ్రవరి 12న మేరీ గారికి కుమారుడు పుట్టెను. ఆ వెంటనే చలిజ్వరము ఆమెను పట్టుకొనెను. మార్చి 3న ఆమె ప్రభువునందు నిద్రించెను. ఆ మాసము 20వ తేదీన పసిబిడ్డయు తల్లిని అనుసరించెను. పేటన్ గారు ఇంటి ప్రక్కన తన చేతులతోనే సమాధి త్రవ్వి, దాని చుట్టు పగడపు రాళ్లు పేర్చి, పైన తెల్లని పగడపు పలుకులు పరచెను. చనిపోవుటకు ముందు మేరీ గారు తోటి మిషనరీతో మాటలాడుచు, తల్లి ఇంటిని విడిచి ఇచ్చటికి వచ్చినందుకు తనకు చింత లేదనియు, మరల అవకాశము వచ్చినను ఇంకను సంతోషముతో వత్తుననియు తెలిపెను. ఈ సాక్ష్యమును చదువువారు త్వరపడి ముందుకు పోరాదు. యౌవనమున నున్న ఒక స్త్రీ తన తల్లినుండి వేలకొలది మైళ్ల దూరమున, భాష తెలియని ఒడ్డున, ఒడిలో బిడ్డతో పలికిన మాట అది. దానికి వ్యాఖ్యానము అక్కరలేదు.

2. వృద్ధ నాయకుని సలహా

మేరీ గారి మరణము తరువాతను పేటన్ గారు ఆ ఇంటనే నివసించెను. చలిజ్వరము ఆయనను పదునాలుగు సారులు తీవ్రముగా పట్టుకొనెను. అప్పుడు ఆ దీవి నాయకులలో ఒక వృద్ధుడు ఆయనయొద్దకు వచ్చి, ఈ చోటనే ఉన్నయెడల ఆయన త్వరలో చనిపోవునని హెచ్చరించెను. ఈ తడి కాలములో టన్నావాసి యెవడును ఇంత పల్లమున పండుకొనడు, పండుకొన్నచో వాడును చచ్చును. తాము ఎత్తైన చోట నిద్రించుదుము, సముద్రముమీదనుండి వీచు గాలి తమ్మును కాపాడును. కనుక కొండమీదికి పోయి పండుకొనుమని ఆ వృద్ధుని సలహా.

విగ్రహములను పూజించు నాయకుడు వేదాంతము చదివిన మిషనరీకి బోధించుచున్నాడు! అరణ్యములో మోషేకు సలహా చెప్పిన మిద్యాను యాజకుడైన యిత్రో ఇచ్చట జ్ఞాపకమునకు వచ్చును (నిర్గమకాండము 18). సీనాయి పర్వతముమీద దేవునితో మాటలాడబోవు మోషే, తన మామ మాట విని న్యాయాధిపతులను నియమించెను. దేవుని స్వరము వినుటకు సిద్ధపడిన చెవి మనుష్యుని మంచి మాట వినుటకు సిగ్గుపడదు. పేటన్ గారు వినెను.

కాని వినుట ఆలస్యమైనది. కొండమీద ఇల్లు కట్టుటకు పూనుకొన్నప్పుడు ఆయన నడువలేనంత బలహీనుడైయుండెను. కొండ ఎక్కుచు త్రోవలోనే కూలబడిపోయెను. అప్పుడు ఆయనను ఆదుకొన్నవారు అబ్రాహాము అను ఉపదేశకుడు, ఆయన భార్య. వారు కొబ్బరి నీరును, తమ దేశపు ఆహారమును పెట్టి ఆయనకు ప్రాణము పోసిరి. ఆ రోగి చేయలేని పనిని అబ్రాహాము చేసి ఇల్లు నిలిపెను. కావలసిన సామానును భార్యాభర్తలు కొండమీదికి మోసిరి. తాను బ్రతికి బయటపడుటకు దేవుని తరువాత ఆ నమ్మకమైన సహోదరుడే కారకుడని పేటన్ గారు కృతజ్ఞతతో ఒప్పుకొనియున్నారు.

ఈ అబ్రాహాము ఎవరు? టన్నాకు దక్షిణమున అనైత్యుమ్ అను దీవి యున్నది. ఆయన అచ్చటివాడు, ఒకప్పుడు నరమాంసము తినిన జనులలోని వాడు. అనైత్యుములో మొదట సువార్త దీపము పట్టినవారు సమోవా దీవులనుండి వచ్చిన ఉపదేశకులు. 1848లో కెనడానుండి జాన్ గెడ్డీ గారు, షార్లెట్ గారు వచ్చి ఆ పనిని సాగించిరి. 1863లో క్రొత్త నిబంధనయు, 1879లో సంపూర్ణ బైబిలును ఆ భాషలో అచ్చుపడినవి. ఆ ప్రజలు పాలగుండ పండించి, దానిని అమ్మిన సొమ్ముతో అచ్చు ఖర్చును తామే భరించిరి. ఆ చిన్న దీవి ప్రజలు పుచ్చుకొనుటతో ఆగలేదు. తమ సొమ్మును ఇచ్చిరి. తమ ఇండ్లు విడిచి ప్రక్క దీవులకు సువార్తికులుగా వెళ్లిరి. మిషనరీ చరిత్రలలో తెల్లవారి పేర్లు పెద్ద అక్షరములతో కనబడును. అయినను వారు ఎక్కిన కొండమీదికి దూలములు మోసిన భుజములు ఇట్టివారివే.

తెలుగువారికి ఈ సంగతిలో వేరొక ఆసక్తియు కలదు. ఆ చలిజ్వరము, అనగా మలేరియా, ఎట్లు వ్యాపించునో 1859లో లోకమున ఎవరికిని తెలియదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ అను వైద్యుడు దోమ కడుపులో ఆ వ్యాధి క్రిమిని కనుగొనెను. అప్పటికి మేరీ గారు చనిపోయి 38 సంవత్సరములు గడచినవి. పల్లపు తడినేల దోమలకు నిలయము. గాలి వీచు ఎత్తున అవి తక్కువ. కారణము తెలియకపోయినను, టన్నా వృద్ధుడు తన జనుల అనుభవమునుండి ప్రాణరక్షణ మార్గమును ఎరిగియుండెను. శాస్త్రము నలుబది సంవత్సరములకు చేరిన చోటికి ఆయన తన పితరుల త్రోవను ముందే చేరియుండెను. అడిగినచో మొదటి దినముననే చెప్పియుండును గదా అను తలంపు చదువరి హృదయమును గుచ్చును.

3. 'ఇది ఏమి?' అను ప్రశ్న

వినుటకు భాష కావలెను. టన్నా భాషకు నిఘంటువు లేదు, వ్యాకరణము లేదు. ఒక దినమున దూరపు గ్రామమునుండి వింత చూడవచ్చిన మనుష్యులలో ఒకడు మిషనరీ సామానులో నొకదానిని పైకెత్తి రెండవవానితో ఏదియో అడిగెను. 'ఇది ఏమి' అని అడుగుచున్నాడని పేటన్ గారు ఊహించి, వెంటనే ఒక కొయ్య ముక్కను ఎత్తి ఆ మాటలనే పలికెను. వారు నవ్వి దాని పేరు చెప్పిరి. ఆ చిన్న ప్రశ్న ఆయనకు తాళపు చెవియైనది. కనబడిన ప్రతి వస్తువును చూపి ఆ ప్రశ్న అడిగి, విన్న మాటలను వ్రాసికొనెను. ఇదే విధముగా, మనిషిని చూపి పేరు అడుగు మాటను కూడ నేర్చెను.

ఎంత పాండిత్యముగల సేవకుడైనను క్రొత్త భాష ఎదుట పసివాడు కావలెను. తప్పు పలికినప్పుడు చుట్టుప్రక్కలవారి నవ్వును సహింపవలెను. ఇది అవమానముగా తోచును. కాని ప్రభువు నడచిన త్రోవ ఇదియే. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక రెండవ అధ్యాయములో పౌలు, క్రీస్తు తన్ను తాను రిక్తునిగా చేసికొనిన సంగతిని తెలుపుచున్నాడు. నిత్యుడైన వాక్యము మరియమ్మ ఒడిలో మాటలు నేర్చుకొనెను. సమస్తమును సృష్టించినవాడు యోసేపు వడ్రంగి దుకాణములో పని నేర్చుకొనెను. ముప్పది ఏండ్ల వినికిడి తరువాత మూడేండ్ల బోధ! భాష నేర్చుకొనని బోధకుడు తన ప్రసంగమును కాపాడుకొనును, ప్రజలను పోగొట్టుకొనును.

4. మరచిన పాఠము

ఇంతవరకు చెప్పినది చదివి, పేటన్ గారు పాఠము నేర్చుకొనెను, కథ ముగిసెను అని తలంచినయెడల అది సత్యము కాదు. సత్యము చెప్పుట దేవుని సేవకులకు అపకీర్తి కాదు. లేఖనములు దావీదు పాపమును దాచలేదు. పేతురు బొంకును దాచలేదు.

టన్నాలో ఉపద్రవములు హెచ్చెను. గంధపుచెక్క కొరకు వచ్చిన వర్తకుల ఓడలు అచ్చటి ప్రజలను మోసగించెను, హింసించెను. 1861 ప్రాంతమున ఆ ఓడలనుండి పొంగు వ్యాధి దిగి, దీవులలో అనేకులను తుడిచిపెట్టెను. అనైత్యుములో ప్రజలలో మూడవ వంతు నశించిరని అంచనా. తెల్లవాడు తెచ్చిన రోగమును తెల్లవాడు తెచ్చిన దేవుడే పంపెనని టన్నావారు తలంచిరి. ఎరోమాంగా దీవిలో అదే యేట ఒక మిషనరీయు ఆయన భార్యయు చంపబడిరి. 1862లో పేటన్ గారు సర్వమును విడిచి టన్నానుండి తప్పించుకొని పోవలసివచ్చెను.

1865లో బ్రిటిషు యుద్ధనౌక 'కురసోవా' ఆ రేవునకు వచ్చెను. తెల్లవారిమీద జరిగిన దాడులనుగూర్చి మిషనరీలు నౌకాధిపతికి ఫిర్యాదు చేసియుండిరి. పేటన్ గారు దుబాసిగా వెంట వెళ్లెను. నాయకులు లొంగనందున నౌకనుండి ఫిరంగులు ప్రేలినవి, పోర్ట్ రిజల్యూషన్ గ్రామములు కాలినవి, ప్రాణములును పోయినవి. తాను కేవలము మాటలను అనువదించితిననియు, రక్తపాతము జరుగకుండ వేడుకొంటిననియు ఆయన చెప్పుకొనెను. అయినను ఆస్ట్రేలియాలోని సంఘములలో గొప్ప నిరసన లేచెను. ఆ కాలమున సెలవులో దూరముననున్న గెడ్డీ గారు తిరిగివచ్చి ఈ కార్యమును గట్టిగా ఖండించెను. పదునెనిమిది సంవత్సరములకు పూర్వము దిగిన నాటినుండి ఆయన ఆయుధ బలమును ఆశ్రయింపక ఆ దీవులలో పని చేసినవాడు.

ఇది ఎంత విచారకరము! కొండమీద పండుకొనుమని ప్రేమతో చెప్పిన వృద్ధుని దీవిమీదనే గుండ్లు కురిసినవి. ఏ నోరు 'ఇది ఏమి' అని అడిగి ఆ భాషను నేర్చెనో, ఆ నోటనే ఆ భాషలో యుద్ధనౌక హెచ్చరికలు వినబడినవి. ఇందుచేత పేటన్ గారి త్యాగము అబద్ధమైపోదు. మేరీ గారి సమాధి అచ్చటనే యున్నది. అయితే ఒక మర్మము బయలుపడుచున్నది. తగ్గింపు ఒక్కసారి నేర్చుకొని భద్రపరచుకొను పాఠము కాదు. గాయపడిన సేవకునికి, తన వెనుకనున్న బలమును చూపించు శోధన సమీపముననే పొంచియుండును. ఆ బలము యుద్ధనౌకయే కానక్కరలేదు. అది అధికారుల పరిచయము కావచ్చును, ధనము కావచ్చును, చదువు కావచ్చును, కులము కావచ్చును. గెత్సేమనేలో పేతురు చేతిలో కత్తి ఉండెను. ప్రభువు దానిని ఒరలో పెట్టించెను.

5. అనీవాలోని బావి

దేవుడు తన సేవకుని విడిచిపెట్టలేదు. 1866 నవంబరులో పేటన్ గారు, రెండవ భార్యయగు మార్గరెట్ గారితో, టన్నాకు సమీపముననున్న అనీవా అను చిన్న పగడపు దీవికి వచ్చిరి. భాష మరల వేరైనది. పాఠశాల మరల మొదటినుండి. ఇల్లు కట్టుటకు ఆయన కోరిన స్థలమును ఆ ప్రజలు ఇయ్యలేదు. ఎవరును తాకని వేరొక చోటు చూపిరి. అది తమ దేవతల చోటు, అచ్చట త్రవ్వినవాడు చచ్చునని వారి నమ్మిక. ఆయన వాదింపక ఒప్పుకొనెను. అతడు చావకుండుటను చూచి వారు ఆశ్చర్యపడిరి. తాను కోరినదానికంటె అదే ఆరోగ్యకరమైన స్థలమని ఆయన పిమ్మట గ్రహించెను.

అనీవాలో ఏరు లేదు, ఊట లేదు. వాన లేనప్పుడు కొబ్బరి నీరే దిక్కు. పేటన్ గారు బావి త్రవ్వుటకు పూనుకొనెను. భూమిలోనుండి వాన వచ్చునా యని నమాకై అను వృద్ధ నాయకుడు దుఃఖపడి, తన స్నేహితునికి మతి చెడెనని తలంచెను. చేపల గాలములు బహుమానముగా ఇచ్చి కొంత మట్టి తీయించెను. పండ్రెండు అడుగుల లోతున ఒక రాత్రి గట్టు విరిగి పడగా, ఇక ఎవరును లోపలికి దిగలేదు. ఆయన ఒంటరిగా దిగి త్రవ్వెను. నీరు ఉప్పగా నుండునేమో అను భయము ఆయనను వెంటాడుచుండెను. ముప్పది అడుగుల లోతున నీరు ఊరెను. రుచి చూడగా తియ్యని నీరు! కూజాతో పైకి తెచ్చినప్పుడు నమాకై దానిని కదిపి చూచి, తాకి చూచి, నోట పోసికొని, అది నిజముగా వానయేనని ఒప్పుకొనెను. అటుపిమ్మట ప్రజలు పగడపు రాళ్లు మోసికొని వచ్చి ఆ బావికి గోడ కట్టిరి.

ఆ వారమే ప్రసంగము చేయుటకు తనకు సెలవిమ్మని నమాకై అడిగెను. ఆదివారమున తన జనులయెదుట నిలిచి, తన పద్ధతిలో, తన భాషలో మాటలాడెను. కంటికి కనబడక భూమి క్రింద ఇంత కాలము నీరు ఉండెను. త్రవ్వి మట్టి తీసినప్పుడు కనబడెను. అట్లే కంటికి కనబడని యెహోవా దేవుడు ఉన్నాడు. మన కన్నులకు అడ్డమైన మట్టి తొలగినప్పుడు ఆయనను చూతుము. ఇదే ఆ ప్రసంగ సారాంశము. ఆ దినమునుండి జనులు తమ విగ్రహములను తెచ్చి వేయసాగిరి. 1869 అక్టోబరు 24న అనీవాలో మొదటి ప్రభురాత్రి భోజనము జరిగినప్పుడు 12 మంది ద్వీపవాసులు రొట్టెను ద్రాక్షారసమును పుచ్చుకొనిరి.

బావి త్రవ్విన చేతులు మిషనరీవి. కాని ఆ బావికి అర్థము చెప్పిన నోరు నమాకైది. పేటన్ గారు మూడు సంవత్సరములు చెప్పినదానికంటె ఆ వృద్ధుని ఒక్క ప్రసంగము ప్రజల హృదయములో లోతుగా దిగెను. ఆ దినమున మిషనరీ వినువారి మధ్య కూర్చుండెను. ఆయన ఆ దీవికి నిజముగా అలవాటుపడిన దినము అదియే యనవచ్చును.

6. దాహమునకు అడిగిన ప్రభువు

సమరయ దేశపు బావియొద్ద ప్రభువు చేసినదియు ఇదే (యోహాను 4). జీవజలము ఇయ్యగలవాడు మొదట ఒక అన్యురాలిని నీళ్లడిగెను. ఆమె చేతి పాత్ర లేనిదే త్రాగలేని స్థితికి తన్ను తాను తగ్గించుకొనెను. అడుగుట ఆయన బోధకు పీఠిక కాదు. అదియే బోధలో భాగము. ఇచ్చువాడు మాత్రమే గొప్పవాడను లోకపు లెక్కను ఆయన అక్కడ తలక్రిందులు చేసెను.

ఈ వాక్యము దూరపు దీవులకు వెళ్లువారికి మాత్రమే కాదు. తెలుగు బాప్తిస్టు సంఘముల పక్షమున 1903లో జాన్ రంగయ్య గారు దక్షిణ ఆఫ్రికాలోని నేటాలుకు వెళ్లిరి. అదే సంవత్సరమునుండి మద్రాసు రేవునుండి ఫిజీ దీవుల చెరకు తోటలకు ఒప్పందపు కూలీలుగా తెలుగువారును సాగిపోయిరి. తెలుగు క్రైస్తవునికి సముద్రము క్రొత్త కాదు. కాని పసిఫిక్ సముద్రము దాటకయే, డెల్టా గ్రామమునుండి ఏజెన్సీ కొండలకు వెళ్లిన సువార్తికుడును, పట్టణపు సెమినరీనుండి పల్లె సంఘమునకు నియమింపబడిన యౌవన కాపరియు, పరభాషా రాష్ట్రములో ఉద్యోగము చేయుచు ప్రక్క ఇంటివారికి సాక్షిగా నుండగోరు విశ్వాసియు ఒక ఒడ్డున దిగినవారే. అచ్చటి సవరయైనను, కోయయైనను, నిరక్షరాస్యురాలైన వృద్ధురాలైనను ఏ చోట నిద్రింపవలెనో ఎరిగియుందురు. వారిని అడిగితిమా? వారి ఇంట గంజి త్రాగితిమా? వారు ప్రార్థించునప్పుడు ఆమేన్ చెప్పుటకు కూర్చుంటిమా? లేక సామాను దింపుటకు అనుకూలమని మన ఇంటిని ఒడ్డుననే కట్టుకొంటిమా?

పౌలు రోమీయులకు వ్రాయుచు, గ్రీకులకును గ్రీకులుకాని వారికిని తాను ఋణస్థుడనని చెప్పుకొనెను (రోమా 1:14). అచ్చటను అదే 'బార్బరోయ్' అను మాటయే యున్నది. ఆ పత్రిక వ్రాసిన కొన్ని సంవత్సరములకు మెలితే ఒడ్డున ఆ ఋణము ఇంకను పెరిగెను. వానలో తడిసి వణకుచున్న అపొస్తలుడు అనాగరికుల నిప్పునొద్ద చేతులు కాచుకొనుచు, తానును కట్టెపుల్లలు ఏరి ఆ నిప్పులో వేసెను. మిషనరీ సేవకు దీనికంటె చక్కని చిత్రము లేదు. నిప్పు ముందే రగిలియున్నది. సేవకుడు తన పుల్లలను దానికి చేర్చును. ఆ పుల్లలలోనుండి సర్పము బయటికి రావచ్చును. అయినను దేవుడు కాపాడును.

అబ్రాహాము అంతమును తెలిసికొనుట మిగిలియున్నది. పేటన్ గారు టన్నాను విడిచిన తరువాతను అబ్రాహాము ఆ దీవికి మరల వెళ్లి, అచ్చటనే సేవ చేసి ప్రభువునందు నిద్రించెను. ఒక భక్తుడు ఆయనకు వెండి గడియారము నొకదానిని కానుకగా పంపియుండెను. మరణ సమయమున అబ్రాహాము దానిని తన మిస్సీకి, అనగా పేటన్ గారికి, ఇయ్యుమని అప్పగించెను. కాలము లేని చోటికి తాను యేసునొద్దకు పోవుచున్నానని చెప్పి పంపెను. ఇచ్చుటకు వచ్చినవాడు చివరకు పుచ్చుకొన్నవాడాయెను. ఆ గడియారము చేతికి వచ్చినప్పుడెల్ల, కొండ త్రోవలో నోట పోసిన కొబ్బరి నీరు ఆయనకు జ్ఞాపకము రాకపోవునా?

ప్రార్థన: ప్రభువైన యేసూ, పరలోకమును విడిచి మా ఒడ్డునకు దిగి, మా భాష నేర్చుకొని, మా బావి నీళ్లడిగితివి. మేము సేవింపబూనిన జనుల యెదుట మా చెవులను తెరువుము. మా గర్వపు ఇంటిని పల్లమునుండి లేపుము. గాయపడినప్పుడు మా చేతిలోని కత్తిని ఒరలో పెట్టించుము. నీవు మాకు ముందే రగిలించిన నిప్పునొద్ద కట్టెలేరు దాసులుగా మమ్మును నిలుపుము. ఆమేన్.